గుడ్డు తిప్పాలా, తిప్పొద్దా?

వానలు పడంగనే నల్లగొండ దిక్కు పందిరికనో దడికనో తాటి కమ్మలు నరుకుతరు. కమ్మతోపాటు గిజిగాని గూడూ కింద పడతది. దాంట్ల గుడ్లుంటే ఇంటికి తెచ్చి ఇసుక డబ్బాల పెట్టి, పైన బల్బు వేలాడదీసి వీడియోలు పెడుతున్నరు. బాపట్ల, విశాఖ ఒడ్డున సముద్రపు తాబేలు గుడ్లను హ్యాచరీల్ల పొదిగిస్తరు కదా, ఇదీ అట్లనే అనుకుంటున్నరు. మనసు మంచిదే, పని మాత్రం తప్పు.

ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కసారికి నూరుకు అటుఇటుగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలకు పోతది. మళ్ల తిరిగి చూడదు. పొదిగేది ఇసుక వేడే. పెట్టిన కొన్ని గంటలకే పిండం పైపొరకు అతుక్కుంటది. ఆ తర్వాత గుడ్డును తలకిందులు చేస్తే లోపల పిల్ల చస్తది. అందుకే హ్యాచరీ వాళ్లు రాత్రికి రాత్రే, ఏ గుడ్డు ఎట్లుంటే అట్లనే ఎత్తి, అంతే లోతు గుంతల పెడతరు. ఇసుక మరీ వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువ పుడతయి, ఇంకా ముదిరితే గుడ్లే చెడిపోతయి. పైన నీడ పందిరి వేసేది అందుకే. 45 నుంచి 60 రోజులకు పిల్లలు పైకొచ్చి, ఎవరూ నేర్పకుండనే సముద్రం దిక్కు నడుస్తయి.

గిజిగానిది పూర్తిగ ఉల్టా. పెట్టేదే రెండు నుంచి నాలుగు గుడ్లు. ఆడపిట్ట రెండు వారాలకు పైగా పొదుగుతది, మధ్యమధ్యల వాటిని తిప్పుతనే ఉంటది. తిప్పకపోతే పిండం పెంకు పొరకు అంటుకొని చస్తది. అంటే తాబేలుకు ఏది విషమో పిట్టకు అదే ప్రాణం. పోనీ బల్బు కింద పొదిగిందే అనుకుందాం, ఈక లేని, కండ్లు తెరవని ఆ పిల్లకు ఇంకో రెండున్నర వారాలు పురుగులు నోట్ల పెట్టేదెవరు? బల్బు పెట్టదు.

అన్నట్టు, గిజిగాని గూడు బొమ్మ పెట్టి "తల్లి ప్రేమ" అని పంపేటోళ్లకు ఒక మాట. గూడు అల్లేది మగపిట్ట. వరి ఆకు, గడ్డి, తాటాకు చీల్చుకొస్త వందలసార్లు తిరుగుతది. సగం అయినంక ఆడపిట్ట వచ్చి చూస్తది, నచ్చకపోతే ఆ గూడు అట్లనే మిగిలిపోతది. నచ్చితే మిగతాది పూర్తిచేసి, మగది ఇంకో గూటి పనిల పడతది. ఇగ గుడ్లు పెట్టి పోయిందని తాబేలునే జాలి లేనిదని తిట్టుడు దేనికి?

గుడ్లు పగలకుండ గూడు పడితే చేయాల్సింది ఒక్కటే. అదే రోజు, అదే చెట్టుకు, దగ్గరి కమ్మకు సుతిలితో గట్టిగ కట్టండి. గొట్టం కిందికే ఉండాలె. గుడ్ల అరకూ గొట్టానికీ నడుమ చిన్న గట్టుంటది, గూడు వంకర కడితే గుడ్లు దాన్ని దాటి జారిపడతయి. పిల్లలుంటే చేత్తోనే లోపల పెట్టండి, మనిషి వాసనకు తల్లి రాదన్నది ఉత్త మాట. కట్టి దూరం పోండి. తల్లి వస్తదని గ్యారంటీ లేదు, బల్బు కన్న మాత్రం నయం.

కమ్మలు దీపావళి దాటినంక కొట్టుకోండి. అప్పుడు కూడ ఖాళీ గూళ్లని షోకేసుల కోసం తెంపకండి, పాత గూళ్లల్ల చిన్న మునియా పిట్టలు చేరతయి.