మహారాజశ్రీ షట్టరు రిమోటు గారికి

అయ్యా,

బరంపురం నుంచి మీ సేవకుడు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. మీ కుశలానికేం లోటు? మొన్ననే 12 వోల్టుల కొత్త బ్యాటరీ వేయించుకున్నారు. తడిసింది నేను.

నిన్న ఇచ్ఛాపురంలో పెళ్లి భోజనం చేసి, వెనక సీట్లో అత్తగారితో ఇంటికొచ్చాను. ఒంటిమీద బరంపురం పట్టుజోడు. ఊరి పేరుకు దక్కే జీఐ గుర్తింపున్న నేత, వానకేం తెలుసు? కారు షెడ్డు ముందు ఆగి, కార్లోంచే మిమ్మల్ని నొక్కాను. ఎర్రలైటు వెలిగింది, షట్టరు కదల్లేదు. పదిసార్లు నొక్కాను. "దిగి చేత్తో ఎత్తరాదూ, అల్లుడుగారూ!" అన్నారు అత్తగారు. (కరెంటు పోతే లాగాల్సిన గొలుసును షట్టరుకు లోపలే వేలాడదీసిన మహానుభావుడికి వేరే ఉత్తరం రాస్తాను.) ఇంజిన్ ఆపి దిగాను. జోరు వానలో నిలబడి నొక్కగానే బుద్ధిమంతుడిలా తలుపు తీశారు!

నెలరోజులుగా ఇదే వరస. మెకానిక్‌కు ఫోన్ చేస్తే "కాలి ఆసిబి" అంటాడు. ఒడియాలో ఆసిబి అంటే వస్తాను; కాలి అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. నాకు మాత్రం తెలుగులోనే కాలింది. తీరా వచ్చాక కారెక్కమంటే ఎక్కడు. షట్టరు ముందు నిలబడి నొక్కి, "ఠిక్ అఛి" (బాగానే ఉంది) అని 300 పట్టుకుపోయాడు. మరోసారి లెర్న్ బటన్ నొక్కి, మీకూ మోటారుకూ మళ్లీ పరిచయాలు చేసి ఇంకో 300. దొంగలకు దొరక్కుండా నొక్కినప్పుడల్లా కోడ్ మారుస్తారట తమరు. దొంగల మాట దేవుడెరుగు, ఇంటాయనకే దిక్కులేదు.

ఇవాళ పొద్దున పక్కింటి ఇంటర్ కుర్రాడు తేల్చాడు. కార్లో డాష్‌క్యామ్ (ముందద్దం దగ్గరి కెమెరా) కోసం నేను గుచ్చిన 150 రూపాయల ఛార్జరు పీకి మిమ్మల్ని నొక్కాడు, షట్టరు లేచింది. మళ్లీ గుచ్చాడు, ఉలకలేదు. మీరు మాట్లాడేది 433 మెగాహెర్ట్జ్ దగ్గరట. ఆ నాసిరకం ఛార్జరు రొదలో మీ మాట మోటారుకు వినబడదట. ఇంజిన్ ఆపితే ఆ ఛార్జరూ నోరు మూసుకునేదట, అందుకే దిగి నొక్కితే తలుపు తీసేవారు.

సరే, ఛార్జరు కొన్న బుద్ధి నాదే. కానీ ఆ ఎర్రలైటు సంగతేమిటి? వెలిగితే పని జరిగిందనుకున్నానే! అది నువ్వు అరిచావని చెప్తుందే గానీ, అవతలివాడు విన్నాడని కాదట. నెలరోజులు, రెండు బ్యాటరీలు, 600 రూపాయలు! ప్రతిసారీ మొహం మీద దీపం పెట్టి అబద్ధమాడావు కదరా!

పట్టుజోడు ఇంకా దండెం మీదే ఉంది.

ఇట్లు,
తలుపు బయటి యజమాని