మొజిటో గారికి, నల్గొండ నుంచి

మొజిటో గారికి,

నమస్కారం. మీ పేరు మొజిటోనా, మొహీటోనా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా బావమరిది మొహీటో అంటాడు. వడ్డించే అబ్బాయి మొజిటో అంటాడు. మీలాంటి ఒక్క గ్లాసు పానీయం కోసం వదిలిన 180 రూపాయలు నావి కాబట్టి నాకు నోరు తిరిగినట్టే పిలుస్తాను.

మా బావమరిది వారం సెలవు మీద వచ్చి, "రోజూ ఇంటి తిండేనా బావా, మన ఊళ్లోనూ మంచి హోటళ్లు వచ్చాయి" అన్నాడు. ఆ వారం సాయంత్రాలు మా పొయ్యి వెలగలేదు. తిండి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. డ్రాగన్ అన్నా, మెజెస్టిక్ అన్నా అదే కోడి, అదే ఎర్రరంగు. కానీ ఎక్కడికి వెళ్లినా అన్నం కంటే ముందు మీరు వచ్చి కూర్చునేవారు.

తొలిసారి మిమ్మల్ని చూసి కాస్త జంకాను. మూరెడు గ్లాసు, అంచున నిమ్మ చెక్క, పైన కాగితం గొడుగు, లోపల మూడంటే మూడు పుదీనా ఆకులు. రెండు గుక్కలు పీల్చేసరికి గొట్టం గురగురమంది. మిగిలిందంతా ఐసు. మర్నాడు ఇంకో చోట ముందే జాగ్రత్తపడి, ఐసు వద్దు బాబూ అన్నాను. ఆ అబ్బాయి నావైపు జాలిగా చూసి, "ఐసు లేకపోతే గ్లాసు నిండదు సార్" అన్నాడు.

మీ పుట్టిల్లు క్యూబా అని తెలుసు. చెరకు నుంచి తీసిన రమ్ము, నిమ్మరసం, పుదీనా, చక్కెర, సోడా: గౌరవమైన వంశమే. కానీ పిల్లాపాపలతో వెళ్లే హోటల్లో మద్యం పోయరు కాబట్టి మీలోంచి రమ్ము తీసేశారు. ఇక మిగిలింది నిమ్మకాయ సోడా. దాన్ని మేము గోలీ సీసాల కాలం నుంచీ, చిటికెడు ఉప్పు కూడా వేయించుకుని తాగుతున్నాం. 1872లో ఆ సీసాకు పేటెంటు పొందిన హైరం కాడ్ గారు గోలీతోనే సరిపెట్టారు, గొడుగు జోలికి పోలేదు.

మూడో రోజు మీ నీలిరంగు చుట్టం వచ్చాడు. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే మా ఆవిడ నా నోట్లోకి చూసి, "ఆ శివుడికి కంఠం దగ్గరే ఆగింది, మీకు నాలుక దాకా ఎగదన్నింది" అంది.

అసలు నా కడుపుమంట నాలుగో రోజుది. బత్తాయి వేసిన పానీయం ఏదైనా ఉందా అని అడిగితే, నారింజ రంగు సిరప్ సీసా తెచ్చి చూపించారు. ఆ హోటలు అద్దంలోంచి చూస్తే రోడ్డవతల బండి నిండా బత్తాయిలు! బత్తాయికి పెట్టింది పేరు మా జిల్లా. ఇక్కడి తోటల కాయ లారీలెక్కి ఢిల్లీ దాకా పోతుంది, రోడ్డు దాటి ఈ హోటల్లోకి మాత్రం రాలేదు. కిలోకు రైతు చేతికి ఎంత ముడుతుందో తెలిస్తే మీరు సిగ్గుపడి ఆ గొడుగు చాటుకు పోతారు.

శుక్రవారం, అసలు సిసలు కాక్‌టెయిల్ చూద్దామని బావమరిదితో బారుకు వెళ్లాను. "రమ్ములో కూల్‌డ్రింక్ పోసిస్తాను సార్, ఇక్కడ కాక్‌టెయిల్ అంటే అదే" అన్నాడు అక్కడి పెద్దాయన. 1806లో ఒక అమెరికా పత్రిక కాక్‌టెయిల్ అంటే మద్యం, చక్కెర, నీళ్లు, చేదు మందు అని రాసింది. చేదు సంగతి బిల్లు చూసుకుంటుంది కాబట్టి ఆయన చెప్పింది దాదాపు శాస్త్రీయమే. వారం మొత్తంలో ఉన్నమాట చెప్పిన మనిషి ఆయనొక్కడే. పది రూపాయలు ఎక్కువే ఇచ్చాను.

కలపడం, తిప్పడం మాకు తెలియని విద్యలని అనుకోకండి. మా ఊరి పేరు మోసే మిశ్రమం ఒకటి శాస్త్ర గ్రంథాల్లోనే ఉంది. ఫ్లోరైడ్ నీళ్లలో సున్నం, పటిక వేసి, కలియదిప్పి, తేరబెట్టి, వడగట్టడం. 1970లలో రూపొందిన ఆ పద్ధతిని 'నల్గొండ టెక్నిక్' అంటారు. బావి నీళ్లే ఎముకలు వంచుతున్న ఊళ్ల కోసం పుట్టింది అది. దాన్ని ఎవరూ రుచి కోసం తాగలేదు.

ఆదివారం బావమరిది బస్సెక్కే ముందు అదే బండి దగ్గర ఆగి అయిదు కిలోల బత్తాయిలు తూయించుకున్నాడు. డబ్బులు నేనే ఇచ్చాను.

ఇట్లు,
మీ గ్లాసు అడుగు చూసినవాడు

తా.క.: మీ గొడుగు మా పాప దగ్గర ఉంది. బొమ్మకు పట్టింది. అడిగాను, తిరిగి ఇవ్వదట.