పిల్లాడికి పిల్లికూతలు, నాన్న చేతిలో సిగరెట్: మందు ఎవరికి రాయాలి?

నెలలో మూడోసారి అదే సీన్. పిల్లాడికి రాత్రంతా దగ్గు, పిల్లికూతలు, పొద్దున్నే పిల్లల డాక్టర్ దగ్గర క్యూ. స్టెత్ పెట్టి విన్నాక డాక్టర్ గారు "ఇంట్లో ఎవరికైనా స్మోకింగ్ అలవాటుందా" అని అడుగుతారు, నాన్న ఫోన్లోంచి తలెత్తకుండానే "అబ్బే, నేను బయటికెళ్లే కాలుస్తానండీ" అంటాడు, అమ్మ ఓసారి ఆయన వైపు చూసి ఊరుకుంటుంది, డాక్టర్ "మానేస్తే మంచిదండీ" అని నెబ్యులైజర్ మందు రాసిచ్చి నెక్స్ట్ పేషెంట్‌ని పిలుస్తారు. అంతే, అయిపోయింది.

నా గొడవంతా ఈ ఒక్క నిమిషం గురించే. ముప్పయ్యేళ్ల మనిషి ఒంట్లో ఏ తేడా లేనప్పుడు తన కోసం డాక్టర్ గడప తొక్కడు, కానీ పిల్లల టీకాలకీ జ్వరాలకీ దగ్గులకీ మొదటి రెండేళ్లలోనే ఎన్నిసార్లు వెళ్తాడో లెక్కుండదు. అంటే సిగరెట్ తాగే తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ కనపడే డాక్టర్ ఎవరైనా ఉన్నారంటే పిల్లల డాక్టరే, ఆయనేమో "వాళ్లు నా పేషెంట్లు కాదు కదా" అనుకుంటున్నారు. పిల్లాడి ఊపిరితిత్తుల్లోకి పొగ వెళ్లేది వాళ్ల సిగరెట్ నుంచే అయినప్పుడు వాళ్లు పేషెంట్లు ఎందుకు కారో నాకైతే అర్థం కాదు.

ముందు ఆ "బయటికెళ్లే కాలుస్తా" సంగతి చూద్దాం. అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి, అంటే సర్జన్ జనరల్, రిపోర్ట్ 2006లోనే తేల్చేసింది, పక్కవాళ్ల పొగ పీల్చడంలో ఇంతవరకు పర్లేదు అనే లెవెల్ ఏదీ లేదు, వేరే గదిలో కాల్చినా కిటికీలు తీసినా ఫ్యాన్లు తిప్పినా పూర్తిగా పోదు అని. ఆ పొగలో 7000కి పైగా కెమికల్స్ ఉంటాయి, అందులో దాదాపు 70 క్యాన్సర్ తెచ్చేవి. చాలామందికి తెలియని ముక్క ఒకటుంది, పక్కవాళ్లు పీల్చేదాంట్లో ఎక్కువ భాగం కాల్చేవాళ్లు నోటితో వదిలిన పొగ కాదు, వేళ్ల మధ్య ఊరికే మండుతున్న కొస నుంచి వచ్చేది. చిన్నపిల్లలు మనకన్నా గబగబా ఊపిరి తీసుకుంటారు, వాళ్ల గాలి గొట్టాలు సన్నగా ఉంటాయి, అందుకే ఆస్తమా అటాక్‌లూ న్యుమోనియా చెవి ఇన్ఫెక్షన్లూ వాళ్లకి ఎక్కువ, నెలల పిల్లలు నిద్రలోనే చనిపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది.

బాల్కనీ అసలు దండగ అని కూడా అనను, అది అబద్ధం అవుతుంది. నికోటిన్ ఒంట్లోకి వెళ్లాక కోటినిన్ అనే పదార్థంగా మారుతుంది, పిల్లల యూరిన్‌లో దాన్ని కొలిచి చూస్తే బయట కాల్చేవాళ్ల పిల్లల్లో లోపల కాల్చేవాళ్ల పిల్లల కన్నా తక్కువే ఉంటుంది, కానీ అసలు ఎవరూ కాల్చని ఇళ్లకన్నా ఎక్కువ ఉంటుంది. ఎందుకంటే చొక్కాకీ జుట్టుకీ అంటుకుని లోపలికి వస్తుంది, అదే చొక్కాతో పిల్లని భుజాన వేసుకుంటాం, పాకే పిల్లలైతే నేల మీద పెట్టిన చేయి తిన్నగా నోట్లోకే. దీన్నే థర్డ్‌హ్యాండ్ స్మోక్ అంటున్నారు. అయినా బాల్కనీతో అసలు చిక్కు ఇది కూడా కాదు, "నా వంతు నేను చేశా" అన్న తృప్తి ఇచ్చేసి మానేయడాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయిస్తుంది చూశారా, అది.

నేనూ పదేళ్లు కాల్చినవాణ్ణే. "పిల్లలున్నారు, సిగ్గులేదా" అని ఎవరైనా అంటే సిగ్గు నిజంగానే వచ్చేది, సిగ్గొస్తే చేసే పని మానేయడం కాదు, దాక్కోవడం, డాక్టర్ దగ్గర అబద్ధం చెప్పడం, ఆ టెన్షన్‌లో ఇంకోటి వెలిగించడం. నికోటిన్ మెదడుకి చేరడానికి సెకన్లు చాలు, దాని మోతాదు రెండు గంటల్లో సగం అయిపోతుంది, చిరాకు మొదలవుతుంది, ఆ చిరాకు తగ్గించేది ఇంకో సిగరెట్ కాబట్టి సిగరెట్ వల్లే ప్రశాంతంగా ఉంటున్నా అనుకుంటాం. మానేశాక మొదటి మూడు రోజులు నరకం, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతుంది. ఆ మూడు రోజుల్లోనే పిల్లల మీద అరుస్తాం, ఇంట్లోవాళ్లు భరించలేక "ఒకటి తాగేసి రండి బాబూ" అంటారు (మా ఇంట్లో రెండుసార్లు అన్నారు, వాళ్లని తప్పుపట్టను). ఇది జరుగుతుందని ముందే చెప్పే డాక్టర్ ఒక్కరుంటే చాలా తేడా ఉండేది.

ఏ సాయమూ లేకుండా మనోబలంతో మానడానికి ట్రై చేసేవాళ్లలో సక్సెస్ అయ్యేది 4 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. 2024 జూలైలో ఆ సంస్థ ఇచ్చిన గైడ్‌లైన్‌లో చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌లు, నికోటిన్ గమ్‌లు, వరెనిక్లిన్, బుప్రోపియాన్, సైటిసిన్ అనే మాత్రలు అన్నీ ఉన్నాయి. మందులున్నాయి, వాడటం ఎవరూ నేర్పరు. గమ్ సంగతే చూడండి, బబుల్ గమ్‌లా నమిలేసి ఎక్కిళ్లొచ్చి "ఇది పనిచెయ్యదు" అని పారేసేవాళ్లే ఎక్కువ, నిజానికి కాస్త నమిలి, నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి, మళ్లీ కాసేపాగి నమలాలి, కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగ్గా ఎక్కదు. రోజంతా ఉండే ప్యాచ్‌కి తోడు కోరిక తన్నుకొచ్చినప్పుడు గమ్ వాడితే, రెండిట్లో ఒక్కటే వాడినదానికన్నా ఫలితం బాగుంటుంది. వాడేసిన ప్యాచ్‌లో కూడా నికోటిన్ మిగిలే ఉంటుంది, మడిచి పిల్లలకి అందని చోట పడేయాలి, ఈ జాగ్రత్త పిల్లల డాక్టర్ కన్నా బాగా ఎవరు చెప్తారు?

ఇది గాల్లో మాట కాదు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు సీస్ (CEASE) అనే పద్ధతి తయారుచేశారు, పిల్లల క్లినిక్‌లోనే తల్లిదండ్రుల్ని అడగడం, వాళ్లకే ప్యాచో గమ్మో రాయడం, మానాలనుకునేవాళ్లకి ఫోన్‌లో సాయం చేసే క్విట్‌లైన్‌కి కలపడం. టైం లేదంటారు డాక్టర్లు, నిజమే, క్యూ బయటిదాకా ఉంటుంది, కానీ అడగడం నర్సు చెయ్యొచ్చు, వెయిటింగ్‌లో ఒక ఫామ్ చాలు. గర్భంతో ఉన్నప్పుడు మానేసిన తల్లుల్ని అయితే అందరూ మెచ్చుకుని మర్చిపోతారు, కాన్పయ్యాక నిద్రలేని రాత్రుల్లో చాలామంది మళ్లీ మొదలుపెడతారు, వాళ్లని టీకా రోజున అడిగేవాళ్లే ఉండరు.

అడగడంలో కూడా ఉంది. "మానేశారా లేదా" అంటే జవాబు అబద్ధమే వస్తుంది. "పోయినసారి ఎన్ని రోజులు ఆగగలిగారు, మళ్లీ ఎప్పుడు, ఎక్కడ వెలిగించారు" అని అడిగి చూడండి, "పదకొండు రోజులండీ, ఆఫీసులో గొడవైంది" అని నిజం చెప్తాడు, అప్పుడు ప్యాచ్ డోసు మార్చాలో గమ్ జేబులో పెట్టుకోమనాలో డాక్టర్‌కి తెలుస్తుంది.