డొంక దారిని బతకనివ్వండి

ఆదివారం తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద కాసేపు నిలబడితే విశాఖ ఎంత మారిందో తెలుస్తుంది. హెల్మెట్లు పెట్టుకుని, హ్యాండిల్‌కి చిన్న లైటు తగిలించుకుని, గుంపులు గుంపులుగా భీమిలి వైపు సైకిళ్లు తొక్కుకుంటూ పోతుంటారు. బ్యాంకు ఉద్యోగులు, స్టీల్‌ప్లాంటు కార్మికులు, ఇంజినీరింగ్ విద్యార్థులు, యాభై దాటిన డాక్టర్లు, ఈ మధ్య ఆడపిల్లలు కూడా. చాలామంది చేతుల్లో ఇప్పుడు లావు టైర్ల మౌంటెన్ బైకులే కనిపిస్తున్నాయి. రాళ్లలో, మట్టిలో, ఎత్తుపల్లాల్లో తిరగడానికి తయారైన బండి అది. మనవాళ్లు మాత్రం దాన్ని తారు రోడ్డు మీద, లారీల పక్కన, హారన్ల మధ్య, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కుతున్నారు.

మట్టి దారులు మనకు లేవా అంటే, ఊరు దాటితే చాలు, ఎటు చూసినా ఉన్నాయి. మన పల్లెల్లో వాటిని డొంకలంటారు.

డొంక అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాం. రెండు గట్ల మధ్య ఎడ్లబండి పట్టేంత దారి. చక్రాలు నడిచి నడిచి రెండు వైపులా చాళ్లు పడి ఉంటాయి, మధ్యలో గడ్డి మొలిచి ఉంటుంది. ఒక పక్క తాటిచెట్లు, ఇంకో పక్క జీడి తోటో సరుగుడు తోటో. కళ్లానికి వెళ్లే రైతుకు, మేకలు తోలుకెళ్లే పిల్లాడికి, పక్క ఊరి చెరువు గట్టు ఎక్కేవాళ్లకు అదే రహదారి. మౌంటెన్ బైకు టైరు రెండంగుళాల పైనే వెడల్పుంటుంది. గాలి కాస్త తక్కువ కొడితే ఆ చాళ్లలో హాయిగా సాగిపోతుంది. అందుకు తారు పోయక్కర్లేదు, సిమెంటు వేయక్కర్లేదు.

ఇలాంటి డొంకలు పట్టుకుని గోస్తనీ నది వెంట ఒక పూట తిరిగితే చాలు, రెండు వేల ఏళ్ల చరిత్ర ఎదురవుతుంది. ఈ పత్రిక మాట అతిశయం అనుకునేవాళ్లు ఒక్కసారి భీమిలి నుంచి బయల్దేరి చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చిన గోస్తని సముద్రంలో కలిసేది ఇక్కడే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు రేవు పెట్టుకున్న ఊరు ఇది. వాళ్ల సమాధులు ఇప్పటికీ సముద్రపు గాలికి నల్లబడి నిలబడే ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన పట్టణం. వెనకాలే పావురాళ్లకొండ, దాని మీద బౌద్ధ ఆరామం శిథిలాలు. అక్కడి నుంచి చిట్టివలస, తగరపువలస దాటి ఏటి వెంట పైకి వెళితే పద్మనాభం కొండ కనిపిస్తుంది.

పద్మనాభం దగ్గర కొంచెంసేపు ఆగాలి. 1794 జూలై 10న ఈ నేల మీదే విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని ఎదిరించి, తన వాళ్లతో కలిసి ప్రాణం వదిలాడు. ఉత్తరాంధ్రలో కంపెనీ పెత్తనానికి తలవంచనన్న యుద్ధాల్లో ఇదొకటి. బొబ్బిలి కథ తెలిసినంతగా పద్మనాభం కథ మన పిల్లలకు తెలియదు. ఇక్కడికి కొద్ది దూరంలో పాండ్రంగి. 1897 జూలై 4న అల్లూరి సీతారామరాజు పుట్టిన ఊరు. కంపెనీతో పోరాడి ఒక రాజు పడిపోయిన చోటుకీ, నూరేళ్లు దాటాక తెల్లవాడి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసిన మన్యం వీరుడు కళ్లు తెరిచిన చోటుకీ మధ్య సైకిల్ తొక్కుతుంటే ఎవరికైనా ఒళ్లు జలదరించాలి. భోగాపురం విమానాశ్రయానికి సీతారామరాజు పేరు పెట్టుకున్నాం. సంతోషమే. ఆయన పుట్టిన ఊరికి సైకిల్ మీద వెళ్లాలనుకునే పదహారేళ్ల కుర్రాడికి మాత్రం దారి చూపించే రాయి కూడా లేదు.

ఇటు మధురవాడ వైపు వస్తే బౌద్ధ ఆరామాలున్న తొట్లకొండ, బావికొండ ఉన్నాయి. సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ మీద రాతిలో నీటితొట్లు తొలిచారు కాబట్టి అది తొట్లకొండ. నౌకాదళం వాళ్ల సర్వేలో ఈ చోటు బయటపడింది, 1988లో పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టింది. శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. బౌద్ధ భిక్షువులు వానాకాలమంతా ఒకచోట ఆగి గడపాలి. అందుకని ఊళ్లకు దగ్గరగా, దారికి కాస్త ఎడంగా, నీళ్లు నిలిచే కొండలు చూసుకున్నారు. ఓడ దిగిన వర్తకులు, భిక్షకు వెళ్లే సన్యాసులు ఈ కొండల కింద నడిచిన దారులే తర్వాత్తర్వాత డొంకలయ్యాయని మేం రుజువు చేయలేం. కొండనీ ఊరినీ రేవునీ కలిపే దారి మాత్రం అప్పుడూ ఉండి తీరాలి.

సమస్యకు వద్దాం. ఆనందపురం, భీమిలి, పద్మనాభం మండలాల్లో భూమి ధర పెరిగే కొద్దీ డొంకలు మాయమవుతున్నాయి. రెవెన్యూ రికార్డుల్లో డొంక పోరంబోకు, అంటే ఊరందరిదీ. గ్రామ పటంలో దానికి గీతలున్నాయి. నేల మీద ఆ గీత ఒక లేఅవుట్ ప్రహరీ దగ్గర ఆగిపోతుంది. ఈ మండలాల్లో ఇలాంటి ఒక డొంక చివరిదాకా మేం వెళ్లి చూశాం. బండి చాళ్లు నేరుగా గోడ కిందికి దూరిపోయాయి. గోడ పక్కన కొత్తగా పడిన కాలిబాట, సర్కారు తుమ్మ పొదల మధ్య నుంచి. అరగంటలో రెండు పంచర్లు. పక్క ఊళ్లో సైకిల్ షాపాయన ట్యూబు తీసి, బేసిన్‌లో నీళ్లు పోసి, బుడగలు లేచిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ప్యాచీ అంటించి ఇచ్చాడు. ‘ఇదివరకు మా ఊరి బళ్లన్నీ ఆ దారిలోనే పోయేవి బాబూ, ఇప్పుడు చుట్టూ తిరిగి పోవాల’ అన్నాడు. చుట్టూ తిరగడం సైకిల్ తొక్కేవాడికి సరదా కావచ్చు. ధాన్యం మోసుకెళ్లే రైతుకు అది డీజిల్ ఖర్చు.

అందుకే ఈ విషయాన్ని నగరం వాళ్ల వారాంతపు వేడుకగా కొట్టిపారేయొద్దని అధికారులను కోరుతున్నాం. డొంకను సైకిల్ దారిగా గుర్తిస్తే మొదట బాగుపడేది రైతు. ఏ దారి మీద పదిమంది కళ్లుంటాయో ఆ దారిని ఎవడూ రాత్రికి రాత్రి దున్నేయలేడు.

కొందరు ఇంకో మాట అంటారు. చరిత్ర ఉన్న చోట్లకు నలుగురూ రావాలంటే డబుల్ రోడ్డు వేయాలి, పార్కింగ్ కట్టాలి, జిప్‌లైన్ పెట్టాలి అని. మేం ఒప్పుకోం. 2019లో వానలకు తొట్లకొండ మహాస్తూపంలో కొంత భాగం కూలింది. చరిత్ర ఎంత సున్నితంగా నిలబడి ఉందో అక్కడే తెలిసింది. కొండ పైదాకా కార్లు ఎక్కించే కొద్దీ కొండ తరుగుతుంది. సైకిల్ కొండ కింద ఆగుతుంది, మనిషి నడిచి ఎక్కుతాడు.

సైకిలిస్టులకూ ఒక మాట గట్టిగా చెప్పాలి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీదికి చక్రం ఎక్కించొద్దు, అది ఎంత ఖరీదైన చక్రమైనా సరే. వేల ఏళ్ల కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలికి పోగైన ఇసుక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఆ ఎరుపెక్కింది. దేశానికి భూవారసత్వ సంపదగా గుర్తింపు పొంది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకూ చేరింది. చూడ్డానికి గట్టిగా ఉంటుంది కానీ వేలితో గీస్తే రాలుతుంది. బ్రేకు వేసి జారిన టైరు చేసిన గాడిలో మొదటి వానకే నీళ్లు దిగుతాయి, రెండో వానకు అది గెడ్డ, అంటే వాగు అవుతుంది. ఫొటో కోసం, వీడియో కోసం ఆ వాలు మీద దూకించే వాళ్లను తోటి సైకిలిస్టులే ఆపాలి. స్తూపాల అరుగులకూ ఇదే వర్తిస్తుంది. వాన పడి నేల మెత్తబడిన రోజు డొంకను కూడా వదిలేయాలి. గాడి పడితే మర్నాడు కష్టపడేది ఎడ్లు. కంబాలకొండ అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దని వేరే చెప్పక్కర్లేదు.

మనకు ఇది కొత్త అలవాటు కూడా కాదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షలాది మంది రాత్రంతా నడుస్తారు. దారి పొడవునా మంచినీళ్లు, మజ్జిగ ఇచ్చేది ఊళ్లలో వాళ్లే. దారిలో వచ్చిన మనిషికి అరుగు చూపించడం ఉత్తరాంధ్ర పల్లెకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. వారానికి వంద సైకిళ్లు ఒక డొంక మీద వస్తే ఆ ఊళ్లో ఇడ్లీ బడ్డీ నిలబడుతుంది, మూతపడబోయిన సైకిల్ షాపు తెరుచుకుంటుంది, తాటిముంజలు ఊళ్లోనే అమ్ముడుపోతాయి.

దీనికి కోట్లు అక్కర్లేదు. 2020 చివర్లో మొదలైన భూముల రీసర్వే కొలతలు చేతిలో ఉన్నాయి. గ్రామ పటాలు తహసీల్దార్ కార్యాలయాల్లో ఉన్నాయి. రెవెన్యూ, పురావస్తు, పర్యాటక శాఖలు, పంచాయతీలు ఒక బల్ల ముందు కూర్చుని భీమిలి నుంచి పాండ్రంగి దాకా ఒక్క దారిని ముందు తేల్చాలి. ఆక్రమణ ఉన్నచోట తీయించాలి. మలుపు మలుపుకీ తెలుగులో ఊరి పేరు, దూరం, అక్కడి చరిత్ర రెండు ముక్కల్లో చెక్కిన రాయి పాతాలి. ఆ దారి నిలబడితే శంకరంలోని బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ వైపు రెండో దారి సంగతి అనకాపల్లి జిల్లా వాళ్లతో కలిసి చూసుకోవచ్చు.

కార్తీక అమావాస్యకు పద్మనాభం కొండ మెట్ల పొడవునా దీపాలు వెలిగిస్తారు. వానలు తగ్గి, నేల ఆరి, సైకిల్ తొక్కడానికి అనువైన రోజులు మొదలయ్యేదీ అప్పుడే. ఈ ఏడాది ఆ దీపాల వేళకు మొదటి రాయి పాతించమని జిల్లా యంత్రాంగాన్ని అడుగుతున్నాం.