ఆ బల్ల మీదున్నది బందరు కలంకారీ కాదు

ఈ వారంలో ఆ ఫార్వర్డ్ రావడం ఇది ఐదోసారి. డచ్చి చిత్రకారుడు వెర్మీర్ బొమ్మల్లో బల్లల మీద కనిపించేది మన బందరు కలంకారీ అట, నీలం రంగు మన నీలిమందు అట, పసుపు జాకెట్టు ఎవరో రాణిగారిది అట, అసలతను కెమెరాలో చూసి గీతల మీద గీతలు దిద్దాడట, ఇదంతా మ్యూజియంలు దాచేశాయట. పంపినవాళ్లందరూ నాకు కావలసినవాళ్లే కాబట్టి ఒక్కసారి రాసి పెడుతున్నాను.

జాకెట్టు ఇంట్లోదే. వెర్మీర్ పోయాక 1676లో అతని ఊరు డెల్ఫ్ట్‌లో రాసిన అతని ఇంటి సామాన్ల జాబితాలో తెల్ల బొచ్చు అంచున్న పసుపు శాటిన్ జాకెట్టు ఉంది.

కెమెరా అబ్‌స్క్యూరాలో, అంటే చిన్న కన్నంలోంచి ఎదుటి దృశ్యం లోపల పడే చీకటి పెట్టెలో, అతను చూసే ఉండొచ్చు. కానీ పాలు పోసే పనిమనిషి బొమ్మలో వెనక గోడకి ముందు కూజాలు తగిలించే పలక గీసి, తర్వాత రంగుతో కప్పేశాడు. కనబడింది దిద్దేవాడు అలా చేస్తాడా?

నాకు మండేది కలంకారీ మాటకే. రుజువుగా పెట్టింది జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న బొమ్మ, కిటికీ దగ్గర ఉత్తరం చదువుకునే అమ్మాయిది. పెద్దది చేసి చూడండి, ముందున్న ఆ గుడ్డ ఎంత మందమో, మడత ఎంత బరువుగా లేచిందో. అది ఉన్నితో ముడులు వేసి నేసిన తివాచీ, తూర్పు నుంచి వచ్చిన సరుకు, కాళ్లతో తొక్కడానికి మనసొప్పనంత ఖరీదు కాబట్టి బల్లల మీద పరుచుకునేవాళ్లు. కలంకారీ పలచటి నూలు గుడ్డ, దాని మీద వెలుగు జారిపోతుంది. ఉన్ని బొచ్చు మీద అయితే కొసల దగ్గర చుక్కలు చుక్కలుగా ఆగుతుంది, అతను ఓపిగ్గా పెట్టింది ఆ చుక్కలనే! వాటిని చూడకుండా గర్వపడమంటే ఎలా?

పైగా దాచేశారని నింద. డచ్చి కంపెనీ 1605లోనే మచిలీపట్నం చేరింది, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో కోరమాండల్ అద్దకం గుడ్డలు మన తీరం పేరుతోనే ఉన్నాయి. చిరివేరు నుంచి, ఎంత ఉతికినా పోని ఎరుపు తెచ్చినవాళ్ల పనితనం చెప్పుకోవడానికి బోలెడుంది, ఇంకొకరి తివాచీని లాక్కోవడం ఆ అద్దకంవాళ్లకే అవమానం. దయచేసి ఆపండి.

నీలం విషయంలో మాత్రం సగం ఒప్పుకుంటాను. అతని ముత్యపు పోగు అమ్మాయి బొమ్మలో, తలపాగా నీలం అఫ్గాన్ కొండల లాజవర్దం అనే నీలి రాయిది. ఆమె వెనక నల్లగా కనిపించేది మాత్రం ఒకప్పుడు మడతలు పడ్డ ఆకుపచ్చ తెర అని 2020లో బయటపెట్టారు. ఆ పచ్చని నీలిమందు, ఒక మొక్క పసుపు కలిపి పూశాడు, కాలం గడిచేకొద్దీ రంగు మారి తెర చీకట్లో కలిసిపోయింది. నీలిమందు అక్కడుంది, తలపాగాలో లేదు.