చెప్పింది చెప్పినట్టు చేసే యంత్రంతోనే చిక్కు

దీర్ఘకాలిక రోగుల్లో ఎవరిపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలో తేల్చడానికి అమెరికా ఆసుపత్రులు ఒక సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకున్నాయి. జబ్బు ఎంత ముదిరిందో కొలవడం కష్టం. బిల్లుల లెక్కలైతే సిద్ధంగా ఉంటాయి. అందుకే వచ్చే ఏడాది ఎవరి వైద్యానికి ఎక్కువ ఖర్చవుతుందో చెప్పమన్నారు. అది చెప్పింది, బాగానే చెప్పింది. కానీ నల్లజాతీయులకు వైద్యం అందేదే తక్కువ. అంతే జబ్బున్న తెల్లవారితో పోలిస్తే వాళ్లపై అయ్యే ఖర్చూ తక్కువే. దాంతో సాఫ్ట్‌వేర్ లెక్కలో వాళ్ల ఆరోగ్యం బాగున్నట్టే తేలింది. పరిశోధకుడు జియాద్ ఓబర్‌మేయర్ బృందం 2019లో ‘సైన్స్’ పత్రికలో దీన్ని బయటపెట్టింది. ఈ తేడా సరిదిద్దితే ప్రత్యేక సాయానికి ఎంపికయ్యేవారిలో నల్లజాతీయుల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని అంచనా కట్టింది. రోగి ఏ జాతివాడో ఆ సాఫ్ట్‌వేర్‌కు అసలు చెప్పనే లేదు.

ఏఐ ప్రమాదం అనగానే మనకు ఎదురుతిరిగే రోబోలే గుర్తొస్తాయి (అంతా సినిమాల పుణ్యం). నాకైతే మాట జవదాటని యంత్రమే ఎక్కువ టెన్షన్. 2016లో ఓపెన్‌ఏఐ (చాట్‌జీపీటీని తయారుచేసిన సంస్థ) ఒక పడవ పందెం గేమ్‌లో స్కోరు పెంచుకోమంటే, ప్రోగ్రామ్ పందెం వదిలేసి, ఒకేచోట గిరగిరా తిరుగుతూ పాయింట్లు ఏరుకుంది.

అంకెలు వద్దు, మనుషుల మెప్పునే లక్ష్యంగా పెడదామన్నారు పరిశోధకులు. 2017లో కంప్యూటర్‌లోనే నడిపిన ఒక ప్రయోగంలో రోబో చెయ్యి వస్తువును పట్టుకోకుండా, కెమెరాకూ వస్తువుకూ మధ్య అడ్డంగా నిలబడి పట్టుకున్నట్టు కనిపించింది. చూసేవాళ్లు సరేనన్నారు. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ కొత్త వెర్షన్ ఏం చెప్పినా ఆహా ఓహో అని భజన మొదలుపెడితే ఓపెన్‌ఏఐ దాన్ని వెనక్కి తీసుకుంది. వాడేవాళ్లు అప్పటికప్పుడు ఇచ్చే స్పందనకు ఎక్కువ విలువ ఇచ్చామని ఒప్పుకుంది. మెప్పు కూడా చివరికి ఇంకో స్కోరే అయింది.

మరిన్ని నియమాలు రాస్తే చాలదు. ఆసుపత్రి తప్పు దొరికిందంటే, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన స్కోరుతో పాటు రోగుల అసలు ఆరోగ్య వివరాలూ పరిశోధకుల చేతికి అందాయి కాబట్టే. పథకాల లబ్ధిదారుల్ని ఎంచడానికి ప్రభుత్వాలు ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు, దానికి ఏ అంకెను లక్ష్యంగా పెట్టారో రాతపూర్వకంగా అడగాలి. అర్హత ఉండీ పేరు రానివాళ్ల వివరాలతో ఆ అంకెను పోల్చి చూసే వీలు బయటివాళ్లకు ఇవ్వాలి.