‘ఫుల్ ఛార్జ్ చేసి పెడల్ తొక్కితే చాలు’ అన్న మాట ఎంతవరకు నిజం?

“ఎలక్ట్రిక్ కారుకి తయారీ ఏముంటుంది? నూరు శాతం ఛార్జ్ చేసి పెడల్ తొక్కడమే. ఎన్ని పరుగులు తీసినా ఒకే టైమ్ వస్తుంది.” డ్రాగ్ స్ట్రిప్ (పావు మైలు తిన్నని దారిలో కార్ల వేగం చూసే ట్రాక్) గురించి బాగా తిరుగుతున్న మాట ఇది. అమెరికా స్ట్రిప్‌ల మీద తరచూ కనబడే టెస్లా మోడల్ 3 పర్ఫార్మెన్స్‌తోనే దీన్ని పరీక్షిద్దాం.

“నూరు శాతం ఛార్జ్ చాలు.” ఇందులో సగమే నిజం. ఈ కారు బ్యాటరీ ప్యాక్‌లో 96 సెల్ గ్రూపులు సిరీస్‌లో, అంటే వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. నిండుగా ఉంటే ఒక్కోటి 4.2 వోల్టులు, మొత్తం 403. సగానికి దిగితే సుమారు 350. కరెంటుకి పరిమితి ఉంది కాబట్టి వోల్టేజీ తగ్గితే పవరూ తగ్గుతుంది. కానీ సెల్స్ చల్లగా ఉంటే నిండు ఛార్జ్ కూడా ఆదుకోదు. చలికి లోపలి నిరోధం పెరుగుతుంది. పెడల్ తొక్కగానే వోల్టేజీ జారిపోతుంది, సాఫ్ట్‌వేర్ పవర్ కోసేస్తుంది. రాత్రే ఛార్జ్ ముగించి, పొద్దున చల్లారిన బండితో వెళ్లేవాళ్లు టైమ్ పోగొట్టుకునేది ఇక్కడే. బయల్దేరే వేళకి ఛార్జ్ పూర్తయ్యేలా పెట్టుకోండి. దారిలో నావిగేషన్‌కి స్ట్రిప్ కాకుండా దాని దగ్గర్లోని సూపర్‌ఛార్జర్‌ని (టెస్లా ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్‌ని) గమ్యంగా ఇవ్వండి, కారే బ్యాటరీని వేడిచేసుకుంటుంది. టెస్లావాళ్లదే ఇంకా వేగమైన మోడల్ ఎస్ ప్లాయిడ్‌లోనైతే ఇందుకోసమే డ్రాగ్ స్ట్రిప్ మోడ్ ఉంది. ఏ తయారీ అక్కర్లేకపోతే కంపెనీ ఆ మోడ్ ఎందుకు పెడుతుంది?

నిండు ఛార్జ్‌తో ఇంకో చిక్కుంది. అప్పుడు రీజెన్ (పెడల్ వదిలినప్పుడు మోటారే బండిని ఆపుతూ బ్యాటరీని నింపే పద్ధతి) దాదాపు పనిచేయదు. ఫినిష్ లైన్ దాటి పెడల్ వదిలితే బండి రోజూలా ఆగదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ప్యాడ్లు ముందే చూసుకోండి.

“ఎన్ని పరుగులైనా ఒకే టైమ్.” కాదు. అలాగని ఛార్జ్ అయిపోతుందనీ కాదు. 1,850 కిలోల బండి డ్రైవరుతో కలిసి గంటకు 115 మైళ్లు అందుకోవడానికి సుమారు 0.7 యూనిట్ చాలు, నష్టాలు కలిపినా ఒక యూనిట్ చుట్టూ. అసలు సమస్య వేడి. వెంటవెంటనే పరుగులు తీస్తే మోటార్లు, ఇన్వర్టర్లు కాగుతాయి, కారే పవర్ తగ్గించుకుంటుంది. మధ్యలో దాన్ని చల్లారనివ్వాలి.

“టైర్లు కాల్చాలి, గాలి బాగా తీసేయాలి.” మామూలు రోడ్డు టైర్లతో వాటర్ బాక్స్‌లోకి (టైర్లు తడిపి కాల్చడానికి స్టార్ట్ లైన్ ముందు నీళ్లు పోసే చోటికి) వెళ్తే గాడుల్లో నీళ్లు పట్టి స్టార్ట్ లైన్ దాకా వస్తాయి. పక్కనుంచి చుట్టి వెళ్లండి. 20 అంగుళాల టైరుకి చల్లగా ఉన్నప్పుడు 42 పీఎస్ఐ ఉండాలి. నాలుగైదు తగ్గిస్తే ఫరవాలేదు. గాడులు లేని రేసు టైరు, స్లిక్‌లా 20కి దింపితే మాత్రం పైవేగంలో బండి ఊగుతుంది. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపండి. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో 175 న్యూటన్ మీటర్లకి బిగించారో లేదో చూడండి.

“ఫ్యాక్టరీ కారే కదా, రూల్స్ ఏముంటాయి?” అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల్లో పావు మైలు 13.99 సెకన్లు, అంతకన్నా వేగంగా పూర్తిచేస్తే హెల్మెట్ తప్పనిసరి. 11.49 నుంచి రోల్ బార్ (బండి బోల్తా పడితే కాపాడే ఉక్కు చట్రం) అడుగుతారు. మార్పులు చేయని కార్లకి మినహాయింపు ఉంది: 2008 నుంచి 2013 మోడళ్లకి 10.00 వరకు, గంటకు 135 మైళ్ల లోపు; 2014, ఆ తర్వాతి మోడళ్లకి 9.00 వరకు, 150 మైళ్ల లోపు. సీట్లు పీకేసో, ఎయిర్‌బ్యాగ్ తీసేసో బరువు తగ్గించుకుంటే ఆ మినహాయింపు పోతుంది. ప్లాయిడ్‌కి కంపెనీ చెప్పే టైమ్ 9.23 సెకన్లు. ఇంత వేగానికి పోటీ లైసెన్స్ కూడా కావాలేమో స్ట్రిప్‌వాళ్లని ముందే అడగండి.